సైలెంట్ హిల్: కథ కోసం ఆడేవాళ్లు ఏ భాగం ఎంచుకోవాలి

హారర్ గేమ్‌లో కథ ఎలా ఉందని అడిగితే చాలామంది చివర్లో వచ్చే ట్విస్ట్ గురించే చెబుతారు. సైలెంట్ హిల్ సిరీస్‌కు ఆ కొలబద్ద పనికిరాదు. 1999లో కొనామీ మొదటి భాగం తెచ్చింది మొదలు ఇప్పటిదాకా వచ్చినవాటిలో దాదాపు అన్నింటికీ ఏదో ఒక ట్విస్ట్ ఉంది. అయినా 2001 నాటి రెండో భాగం గురించి జనం ఈ రోజుకీ వాదించుకుంటున్నారు. 2008లో వచ్చిన హోమ్‌కమింగ్ గురించి అంతగా మాట్లాడేవాళ్లు లేరు. ట్విస్ట్ దాకా మనల్ని ఏ దారిన నడిపించారన్న దగ్గరే తేడా అంతా ఉంది. ఆ దారిని ఎలా తూచాలో, తూచాక ఏది కొనాలో, ఏది ముందు ఆడాలో, ఏది వదిలేసినా ఫర్వాలేదో ఇక్కడ చెబుతున్నాం.

అసలు రహస్యాలు బయటపెట్టడం లేదు. అయితే గేమ్ లోపల ఏం జరుగుతోందో చెప్పాలంటే కొన్ని వస్తువుల గురించి, కొన్ని పాత్రల గురించి మాట్లాడక తప్పదు. అది కూడా వద్దనుకునేవాళ్లు సైలెంట్ హిల్ 2 ఆడేసి వచ్చి మిగతాది చదవండి. మా మొదటి సలహా ఎలాగూ అదే.

మాన్‌స్టర్‌ని కదిపి చూడండి

కథను తూచడానికి మొదట వేయాల్సిన ప్రశ్న ఇది: ఈ మాన్‌స్టర్‌ని ఇక్కణ్ణుంచి తీసి ఇంకో గేమ్‌లో పెడితే కథలో ఏమైనా తెగుతుందా? ఏమీ తెగకపోతే అది కథలో భాగం కాదు, దారికి అడ్డం పెట్టిన బండరాయి.

రెండో భాగంలో జేమ్స్ సండర్లాండ్ అనే అతనికి భార్య మేరీ నుంచి ఉత్తరం వస్తుంది. సైలెంట్ హిల్‌లో మనకిష్టమైన చోట ఎదురుచూస్తున్నానని రాసి ఉంటుంది. మేరీ జబ్బుచేసి చనిపోయి మూడేళ్లయింది. అతను ఆ ఊరికి వస్తాడు. అక్కడ తలకు తుప్పుపట్టిన పెద్ద ఇనుప శిరస్త్రాణంతో, మనిషంత కత్తిని నేలమీద ఈడ్చుకుంటూ పిరమిడ్ హెడ్ తిరుగుతుంటాడు. వాడు జేమ్స్ కోసమే ఎందుకు వచ్చాడో ఆట చివర్లో జేమ్స్ నోటితోనే వింటాం. ఆ మాట విన్నాక వెనక్కి వెళ్లి చూస్తే, వాడు కనిపించిన ప్రతి సీనుకూ అర్థం మారిపోయి ఉంటుంది. వాడిని తీసేస్తే కథ కూలిపోతుంది.

అదే ఆకారాన్ని ఏడేళ్ల తర్వాత హోమ్‌కమింగ్‌లోకి తెచ్చారు. అక్కడి హీరో అలెక్స్ షెపర్డ్. పిరమిడ్ హెడ్ అక్కడ కథకు కీలకమైన పని ఒకటి చేస్తాడు కూడా. కాకపోతే ఆ పని ఏ మాన్‌స్టర్ చేసినా కథ అంతే. వాడికి, అలెక్స్‌కు లోపలి లంకె ఏదీ లేదు. పేరున్న మొహాన్ని పోస్టర్ మీదికి తెచ్చారు, అంతవరకే.

మన దెయ్యం కథల అలవాటు ఇక్కడ కొంత అడ్డం వస్తుంది. మన దగ్గర దెయ్యానికి సాధారణంగా ఒక పగ ఉంటుంది, ఆ పగ వెనక ఒక ఫ్లాష్‌బ్యాక్ ఉంటుంది, పగ తీరితే కథ తీరుతుంది. సైలెంట్ హిల్ 1, 3 ఈ అలవాటుకు దగ్గరగానే ఉంటాయి. అలెస్సా అనే ఆడపిల్లకు జరిగిన ఘోరం ఉంది, దానికి కారణమైన మతశాఖ ఉంది, దాని తాలూకు లెక్క తేలాలి. రెండో భాగంలో పగబట్టిన వాళ్లు ఎవరూ లేరు. ఊరికి వచ్చిన మనిషి తనతో ఏం మోసుకొచ్చాడో ఊరు అదే చూపిస్తుంది. లారా అనే ఎనిమిదేళ్ల పిల్ల ఆ వీధుల్లో ఒంటరిగా, నిర్భయంగా తిరుగుతుంది. జేమ్స్ అడుగడుగునా కొట్లాడుతున్న చోట ఆ పిల్లకు ఒక్క గీత కూడా పడదు. ఎందుకో గేమ్ నోరు విప్పి చెప్పదు. ఏంజెలా అనే ఇంకో అమ్మాయి మంటల్లో కాలుతున్న మెట్ల మీద నిలబడి ఉన్నప్పుడు జేమ్స్ ఉక్కగా ఉందంటాడు. తనకు ఎప్పుడూ ఇలాగే కనిపిస్తుందని ఆమె జవాబు. ముగ్గురికీ ఊరు ఒకటే, కనిపించేది మాత్రం వేర్వేరు. సిరీస్ మొత్తంలో ఇంతకన్నా గట్టి కథానిర్మాణం లేదు.

ముగింపును ఎవరు నిర్ణయిస్తున్నారు

ఈ సిరీస్‌లో చాలా భాగాలకు ఒకటికంటే ఎక్కువ ముగింపులు ఉన్నాయి. ఎన్ని ఉన్నాయన్నది లెక్కలోకి రాదు. మీకు ఏ ముగింపు ఇవ్వాలో గేమ్ ఎలా తేల్చుకుంటోందో చూడాలి. నోటితో అడిగి తేల్చుకుంటోందా, మీరు చేసేది చూసి తేల్చుకుంటోందా?

రెండో భాగం చూసి తేల్చుకుంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఏంజెలా దగ్గర్నుంచి ఒక కత్తి జేమ్స్ చేతికి వస్తుంది. ఆ కత్తితో కొట్టడానికి వీల్లేదు, ఏ తాళానికీ అది పనికిరాదు. ఇన్వెంటరీలో, అంటే జేమ్స్ దగ్గరున్న వస్తువుల జాబితాలో, ఊరికే పడి ఉంటుంది. మీరు దాన్ని తెరిచి మళ్లీ మళ్లీ చూస్తుంటే గేమ్ లెక్కపెట్టుకుంటుంది. ఒంట్లో దెబ్బలున్నా మందు వాడకుండా చాలాసేపు తిరిగితే అదీ లెక్కే. ఈ రెండూ కలిసి కథను 'ఇన్ వాటర్' అనే ముగింపు వైపు లాగుతాయి. మేరీ ఫొటో, ఉత్తరం తీసి చూసుకుంటూ, దెబ్బ తగలగానే నయం చేసుకుంటూ, చివరి పొడవాటి వరండాలో వినిపించే మాటల్ని ఆగి పూర్తిగా విన్నవాళ్లకు 'లీవ్' దగ్గరవుతుంది. మేరీని పోలిన మారియా అనే ఆమె ఊళ్లో ఎదురవుతుంది. ఆమె పక్కనే నడుస్తూ, ఆమెకు దెబ్బ తగలనీయకుండా, హాస్పిటల్ గదిలో పడుకున్న ఆమెను మళ్లీ వెళ్లి చూసొచ్చేవాళ్లకు ఆమె పేరుతోనే ఇంకో ముగింపు ఉంది. ఇవేవీ తెర మీద కనిపించవు. ముగింపు వచ్చాక, జేమ్స్ ఎలాంటివాడో తేల్చింది మన చేతులేనని అర్థమవుతుంది.

హోమ్‌కమింగ్ నోటితో అడుగుతుంది. మూడు చోట్ల ఆట ఆపి, ఇది చేస్తావా అది చేస్తావా అని ప్రశ్న పెడుతుంది. ఆడేవాడికి అక్కడ అలెక్స్ మాయమై, ఏ బటన్ నొక్కితే మంచి ఎండింగ్ వస్తుందన్న లెక్క ఒక్కటే మిగులుతుంది. ప్రశ్న వేసిన క్షణమే కథ మీద పట్టు సడలిందన్నమాట.

2012 నాటి డౌన్‌పోర్‌లో ఇంకో రకం పొరపాటు ఉంది. మర్ఫీ పెండిల్టన్ అనే ఖైదీ కథ అది. మీ ఎంపికలను బట్టి వచ్చే కొన్ని ముగింపులు ముందు జరగబోయేదాన్ని వదిలేసి వెనక జరిగిపోయినదాన్నే మార్చేస్తాయి. మర్ఫీ అసలు నేరం చేశాడా లేదా అన్నదే ముగింపును బట్టి మారుతుంది. అంటే పది గంటలుగా మనం నడిపిన మనిషి ఎవరో రచయితలే తేల్చుకోలేదు. ఇదే సిరీస్‌లోని షాటర్డ్ మెమరీస్ అనే ఇంకో భాగంలో కూడా గతం ఇలాగే మారుతుంది, కానీ అక్కడ కథ మొత్తం జ్ఞాపకం గురించే. మనిషికి ఏది గుర్తుంది, ఏది గుర్తుండాలని కోరుకుంటున్నారన్నదే అక్కడి విషయం. అందుకని అక్కడ చెల్లింది, ఇక్కడ చెల్లలేదు.

ఎంత చెప్పి ఆగాలో తెలియడం

మొదటి భాగంలోని పొగమంచు యంత్రం పరిమితి నుంచి పుట్టింది. తొలి ప్లేస్టేషన్‌కు దూరంగా ఉన్న వీధుల్ని గీసే శక్తి లేదు, అందుకని మంచుతోనూ చీకటితోనూ కప్పారు. జేబులోని రేడియో మాన్‌స్టర్ దగ్గరికొస్తే గరగరమంటుంది. కంటికి ఆనకముందే చెవికి తెలుస్తుంది. ఈ రెండూ కలిసి సిరీస్‌కు ఒక పద్ధతి నేర్పాయి: సగం చూపించు, మిగతా సగం ఆడేవాడి బుర్రకు వదిలెయ్.

ఈ పద్ధతి తప్పిన చోటల్లా కథ పలచబడింది. 2007 నాటి ఆరిజిన్స్ మొదటి కథకు ముందు జరిగినదాన్ని చెప్పడానికి వచ్చింది. మొదటి గేమ్ కావాలనే సగం చీకట్లో వదిలేసిన వాటిమీద టార్చి వేసి చూపించింది. 2024 జనవరిలో పీఎస్5 మీద ఉచితంగా వచ్చిన ది షార్ట్ మెసేజ్ రెండు గంటల ఆట. అందులోని బాధ నిజమైనదే, చెప్పాలనుకున్న విషయం బరువైనదే. కానీ పాత్రలు తమ మనసులో ఉన్నదాన్ని పాఠంలా పైకి చెప్పేస్తుంటాయి. ఉచితం కాబట్టి ఆడండి. ఆడిన వెంటనే రెండో భాగంలోని ఏంజెలా సీన్లు చూడండి. ఒకే రకం బాధను చెప్పడంలో ఎంత తేడా ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

దగ్గర నుంచి చూడాల్సిన ఒక వస్తువు ఉంది. 2001 గేమ్‌లో మేరీ ఉత్తరం మొదటి నుంచీ ఇన్వెంటరీలో ఉంటుంది, తెరిచి చదువుకోవచ్చు. కథ ముందుకు సాగేకొద్దీ ఆ కాగితం మీది అక్షరాలు వెలిసిపోతాయి. కొంతదూరం పోయాక కాగితం తెల్లగా ఉంటుంది. చివరికి అదీ కనిపించదు. దీని గురించి కట్‌సీన్ లేదు, జేమ్స్ ఒక్క మాట అనడు, సందేశం రాదు. ఇన్వెంటరీ తెరిచే అలవాటు లేనివాళ్లు అసలు గమనించరు. గమనించినవాళ్లకు మాత్రం అప్పటిదాకా నమ్మినదంతా కదిలిపోతుంది. కథ చెప్పడం తెలిసినవాళ్లు ఎలా ఉంటారంటే, చూపించడానికి ఈ ఒక్క కాగితం చాలు.

రెండో భాగం: పాతదా, రీమేకా

ఇది అందరికీ వచ్చే సందేహం. పోలండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ చేసిన రీమేక్ 2024 అక్టోబర్ 8న పీఎస్5, పీసీల మీద వచ్చింది. పాతది పూర్తిచేయడానికి సుమారు ఎనిమిది గంటలు పడుతుంది. రీమేక్‌కు పదిహేను నుంచి పద్దెనిమిది. కథ అదే, సీన్ల వరస దాదాపు అదే. పెరిగిన సమయంలో ఎక్కువ భాగం అపార్ట్‌మెంట్లు, హాస్పిటల్, జైలు లోపల తిరగడానికి, కొట్లాటలకు పోతుంది.

రీమేక్‌లో బాగున్నది నటన. జేమ్స్ ముఖంలో తడబాటు, అబద్ధం, అలసట విడివిడిగా కనిపిస్తాయి. ఏంజెలాతో, ఎడ్డీ అనే ఇంకో పాత్రతో వచ్చే సీన్లు పాతదానికన్నా గుండెకు తగులుతాయి. పాతదాంట్లో గొంతులు బిగుసుకుపోయినట్టు, కలలో మాట్లాడినట్టు ఉంటాయి. కొందరు దాన్ని చేతకానితనం అంటారు. ఆ వింత ధోరణే ఊరి వింతకు సరిపోయిందని మా అభిప్రాయం. కానీ కొత్తగా ఆడేవాళ్లను అది మొదటి గంటలోనే బయటికి తోసేయొచ్చు.

రీమేక్‌లో నష్టం లయ దగ్గర ఉంది. పాతదాంట్లో పెద్ద సీన్ అయ్యాక చాలాసేపు ఖాళీ వరండాలే ఉంటాయి, విన్నది మనసులో నానడానికి చోటు దొరుకుతుంది. రీమేక్‌లో అదే చోట మూల తిరగ్గానే నర్సు రూపంలోనో, బట్టల షాపు బొమ్మ రూపంలోనో ఒక మాన్‌స్టర్ మీద పడుతుంది. జైలుకు వచ్చేసరికి చాలామంది అలసిపోయేది ఇందుకే. దీనికి మందు ఉంది: కొట్లాట డిఫికల్టీని ఈజీకి దించండి, పజిల్స్‌ను స్టాండర్డ్‌లోనే ఉంచండి. రెండూ వేర్వేరుగా పెట్టుకోవచ్చు.

రీమేక్ తనంతట తాను కలిపిన వాటిలో ఒకటి తప్పకుండా చూడాలి. ఊరంతా వెతికితే 26 పోలరాయిడ్ ఫొటోలు దొరుకుతాయి, ఒక్కోదాని మీద చిన్న రాత ఉంటుంది. ఫొటోలో ఉన్న వస్తువుల్ని లెక్కపెట్టి, రాతలో అన్నో అక్షరాన్ని తీసుకుంటూ పోతే ఒక వాక్యం తయారవుతుంది: నువ్వు రెండు దశాబ్దాలుగా ఇక్కడే ఉన్నావు. గేమ్ వచ్చిన కొన్ని వారాలకు ఆడేవాళ్లే దీన్ని విప్పారు. జేమ్స్‌కు చెప్పినట్టూ ఉంటుంది, ఇరవై ఏళ్లుగా ఆ ఊరిని వదలని మనకు చెప్పినట్టూ ఉంటుంది.

ఇక ఎంపిక. ఇంతకుముందు ఈ సిరీస్ ముట్టనివాళ్లు రీమేక్‌తో మొదలుపెట్టండి. పాత కెమెరా, పాత నడక అలవాటున్నవాళ్లు, లేదా తక్కువ సమయం ఉన్నవాళ్లు 2001 గేమే ఆడండి. పాత పీసీ డిస్క్ దొరికితే అభిమానులు చేసిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ మాడ్ దానికి జత చేయండి, ఇప్పటి కంప్యూటర్లలోనూ చక్కగా నడుస్తుంది. 2012 నాటి హెచ్‌డీ కలెక్షన్‌కు మాత్రం దూరంగా ఉండండి. పూర్తికాని పాత కోడ్ మీద కట్టిన ఆ వెర్షన్‌లో మంచు పలచబడి, దాచాల్సిన గీతలన్నీ బయటపడ్డాయి. సరస్సు ఒడ్డు అంచు, ముగిసిపోయిన రోడ్డు కళ్లముందే కనిపిస్తాయి. మంచు ఈ కథలో అలంకారం కాదు. అది తొలగిపోతే ఊరు ఉత్త సినిమా సెట్టే.

ఒకటి, మూడు: జంటగా ఆడాల్సినవి

మొదటి భాగంలో హ్యారీ మేసన్ అనే రచయిత, ఏడేళ్ల కూతురు షెరిల్ కోసం ఊరంతా వెతుకుతాడు. కథ సూటిగా ఉంటుంది: బిడ్డ ఎక్కడ? ఈ ఒక్క ప్రశ్నే స్కూలు, హాస్పిటల్, మురుగు కాలువల దాకా నడిపిస్తుంది. గేమ్ మొదలైన కొన్ని నిమిషాలకే ఒక సందులోకి వెళ్తాం, కెమెరా కోణాలు వంకరపోతాయి, వెలుతురు ఆరిపోతుంది, అగ్గిపుల్ల గీస్తే చక్రాల కుర్చీ, రక్తం కనిపిస్తాయి. మాటలు లేకుండా ఊరి స్వభావం మొత్తం ఆ సందులోనే చెప్పేశారు.

కథానిర్మాణంలో దీని లోపం కూడా చెప్పాలి. కథలో సగం, ముఖ్యంగా డాక్టర్ కాఫ్‌మన్ ఈ ఘోరంలో ఏ పాత్ర పోషించాడన్నది, తప్పనిసరి కాని దారిలో ఉంది. బార్, దుకాణం, మోటెల్ దాకా ఆ దారి పట్టకపోతే గేమ్ ముగిసిపోతుంది కానీ ఎవరు ఎందుకు ఏం చేశారో తెలియదు. అలాగే హాస్పిటల్లో డైరెక్టర్ గది నేలమీద ఒలికిన ఎర్రటి ద్రవం కనిపిస్తుంది. వంటగదిలో దొరికే ప్లాస్టిక్ సీసాలోకి దాన్ని పట్టుకోండి. అది లేకపోతే తర్వాత ఒక మనిషిని కాపాడే అవకాశమే ఉండదు. ఈ రెండూ ముందే తెలుసుకుని ఆడటం తప్పు కాదు. ఇవి తెలియకుండా ఆడినవాళ్లు కథ అర్థం కాలేదంటే ఆ తప్పు వాళ్లది కాదు.

2003 నాటి మూడో భాగం దీనికి నేరుగా కొనసాగింపు. 17 ఏళ్ల హెదర్ షాపింగ్ మాల్‌లో మొదలవుతుంది. సిరీస్‌లో బాగా రాసిన గొంతు ఈ అమ్మాయిదే. విసుగు, ఎకసెక్కం, భయం అన్నీ ఒకే వాక్యంలో పలుకుతాయి. మధ్యలో ఆమె ఇంటికి తిరిగొచ్చే సీన్ ఒకటుంది, అక్కడ ఆ ఎకసెక్కం ఎక్కడికి పోయిందో వినండి. మొదటి భాగం ఆడినవాళ్లకు ఆ సీన్ ఒక చావులా తగులుతుంది, ఆడనివాళ్లకు మామూలు మలుపులా దాటిపోతుంది. అందుకే ఒకటి ఆడకుండా మూడు ఆడొద్దంటున్నాం. మొదటిదానికి సుమారు ఏడు గంటలు, మూడోదానికీ అంతే. కలిపితే ఒక రీమేక్ అంత సమయం.

మూడో భాగంలో విన్సెంట్ అనే పాత్ర, హెదర్ మాన్‌స్టర్ల గురించి మాట్లాడగానే, నీకు అవి మాన్‌స్టర్లలా కనిపించాయా అని అడుగుతాడు. ఆమె తెల్లబోతే సరదాకి అన్నానంటాడు. సరదాకి అన్నాడో కాదో గేమ్ చివరిదాకా తేల్చదు. ఆ ఒక్క మాటతో అప్పటిదాకా మనం కొట్టిన దెబ్బలన్నీ బరువెక్కుతాయి.

పజిల్ డిఫికల్టీని హార్డ్‌లో పెట్టకండి. మాల్‌లోని పుస్తకాల షాపు పజిల్ హార్డ్‌లో షేక్‌స్పియర్ నాటకాలు తెలిసి ఉంటేనే విడుతుంది. అక్కడ ఇరుక్కుపోయి ఆట వదిలేసినవాళ్లు చాలామంది. ముగింపు గురించి కంగారు పడొద్దు, మొదటిసారి ఆడినవాళ్లందరికీ వచ్చేది ఒకటే.

నాలుగో భాగం: గది

2004 నాటి ది రూమ్‌ను కథ కోసం ఆడేవాళ్లు వదలకూడదు, ఆట కోసం ఆడేవాళ్లు వదిలేసినా ఫర్వాలేదు. హెన్రీ టౌన్‌షెండ్ సౌత్ ఆష్‌ఫీల్డ్ హైట్స్‌లో 302 నంబరు ఫ్లాట్‌లో ఉంటాడు. ఐదు రోజులుగా తలుపు లోపలి నుంచి గొలుసులతో బిగిసి ఉంది. కిటికీలోంచి ఎదురింటివాళ్లు కనిపిస్తారు, గోడలోని కన్నంలోంచి పక్కింటి ఐలీన్ కనిపిస్తుంది, తలుపు రంధ్రంలోంచి బయటివాళ్లు కనిపిస్తారు. ఎంత అరిచినా ఎవరికీ వినిపించదు. బాత్రూమ్ గోడకు పడిన పెద్ద కన్నమే బయటికి దారి.

గదిలోకి వచ్చిన ప్రతిసారీ కెమెరా హెన్రీ కళ్లలోకి మారుతుంది, ఒంట్లో దెబ్బలు వాటంతటవే నయమవుతాయి. ఆట సగానికి వచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. నయం కావడం ఆగిపోతుంది, గోడలు, టీవీ, కొళాయి ఒక్కొక్కటే పాడవుతాయి, దగ్గరికెళ్తే గదే దెబ్బ తీస్తుంది. మనకంటూ ఉన్న ఒక్క చోటును గేమ్ ఎలా లాగేసుకుంటుందో మాటల్లో కాకుండా ఒంటితో తెలుస్తుంది. వాల్టర్ సల్లివన్ అనే వరుస హంతకుడి కథకూ ఈ గదికీ ఉన్న సంబంధం తెలిశాక సిరీస్‌లో రెండో భాగం పక్కన నిలబెట్టదగ్గది ఇదేననిపిస్తుంది.

ఇబ్బందులు మాత్రం చాలానే ఉన్నాయి. రెండో సగంలో మొదట చూసిన చోట్లకే మళ్లీ వెళ్లాలి, ఈసారి గాయపడిన ఐలీన్‌ను వెంటపెట్టుకుని. చావని దెయ్యాలు వెంటపడతాయి. చేతిలో పట్టేవి 10 వస్తువులే, మిగతావి గదిలోని పెట్టెలో పెట్టిరావాలి. ఐలీన్‌కు తగిలే దెబ్బలు ముగింపును మారుస్తాయి, గదిలో ఎన్ని పీడలు మిగిలాయన్నదీ మారుస్తుంది. కాబట్టి దొరికిన పవిత్ర కొవ్వొత్తులను దాచుకుని, గదిలో పీడ ఉన్న చోట నేలమీద వెలిగించండి. ఐలీన్ చేతికి ఏదో ఒక ఆయుధం ఇచ్చి, తలుపుల దగ్గర ఆమె వచ్చేదాకా ఆగండి.

షాటర్డ్ మెమరీస్, ఎఫ్

కొట్లాట అసలు ఇష్టం లేనివాళ్లకు 2009 నాటి షాటర్డ్ మెమరీస్. నింటెండో వీ, పీఎస్2, పీఎస్పీల మీద వచ్చింది. హ్యారీ, షెరిల్ పేర్లు వింటే పాత కథే అనిపిస్తుంది, కానీ పూర్తిగా వేరే కథ. మధ్యమధ్యలో ఒక మానసిక వైద్యుడి గదిలో కూర్చుంటాం, ఆయన ప్రశ్నలు అడుగుతాడు, కాగితం మీద పనులు చేయిస్తాడు. ఇల్లు బొమ్మకు రంగులు వేయమంటే వేస్తాం. తర్వాత హ్యారీ వెళ్లే ఇంటికి మనం వేసిన రంగులే ఉంటాయి. ఎవరు ఎలా కనిపిస్తారు, ఎలా మాట్లాడతారు అన్నవి మన జవాబులను బట్టి మారుతుంటాయి. మంచులో పరుగెత్తే ఘట్టాలు విసుగు తెప్పిస్తాయి, ఓర్చుకోండి. ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబివ్వండి, మంచి ముగింపు కోసం లెక్కలు వేస్తే ఈ గేమ్‌లో మిగిలేదేమీ లేదు. ఆరు గంటల్లో అయిపోతుంది.

2025 సెప్టెంబర్ 25న వచ్చిన సైలెంట్ హిల్ ఎఫ్ అమెరికా ఊరిని వదిలేసి 1960ల జపాన్‌కు వెళ్లింది. కథ రాసింది ర్యూకిషి07 అనే కలంపేరున్న జపాన్ రచయిత. ఎబిసుగఓక అనే కల్పిత పల్లెలో షిమిజు హినాకో అనే హైస్కూల్ అమ్మాయి. తాగి అరిచే తండ్రి, నోరెత్తని తల్లి, పెళ్లై వెళ్లిపోయిన అక్క, తన మీదికి వస్తున్న పెళ్లి మాట. ఇంట్లో ఆడపిల్లను ఒక సంబంధంగా మాత్రమే చూసే మాటతీరు తెలిసిన తెలుగు పాఠకులకు ఈ కథలోకి వెళ్లడానికి వివరణ అక్కర్లేదు. తుపాకులు లేవు, చేతికందిన గొట్టం, కొడవలి వాడాలి, అవి అరిగి విరుగుతాయి.

ఈ గేమ్‌ను ఒక్కసారి ఆడి కథ మీద తీర్పు చెప్పొద్దు. మొదటిసారి అందరికీ ఒకే ముగింపు వస్తుంది, అది కావాలనే అసంపూర్తిగా ఉంటుంది. రెండోసారి ఆడితే కాగితాలు మారతాయి, కొత్త కట్‌సీన్లు వస్తాయి, మొదట పిచ్చి చూపులా అనిపించినవాటికి కారణం దొరుకుతుంది. హినాకో మింగే ఎర్ర క్యాప్సూళ్లు వాడారా లేదా అన్నదీ లెక్కలోకి వస్తుంది. మొదటి ఆట పది పన్నెండు గంటలు, తర్వాతివి వేగంగా సాగుతాయి. మొత్తంగా పాతిక గంటలు కేటాయించగలిగితేనే తీసుకోండి. కొట్లాటను స్టోరీ స్థాయిలో పెట్టి, జపనీస్ గొంతులతో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఆడండి. మా తీర్పు: రెండో భాగం అంత పొదుపు దీనికి లేదు, కానీ 2004 తర్వాత ఊరూ మనిషీ ఇంతగా కలిసిపోయిన భాగం ఇదే.

పి.టి. గురించి అడుగుతుంటారు. 2014 ఆగస్టులో వచ్చిన ఆ డెమోను 2015లో స్టోర్ నుంచి తీసేశారు, అది చూపించిన సైలెంట్ హిల్స్ అనే గేమ్ రద్దయింది. ఒకే వరండాను మళ్లీ మళ్లీ నడిపిస్తూ ప్రతిసారీ ఒక్క వస్తువు మార్చడం అద్భుతమే. దానికోసం ఎక్కువ ధర పెట్టి పాత పీఎస్4 కొనాల్సిన పని లేదు. డౌన్‌పోర్‌ను వానలో వీధులు తిరగడం కోసం, చిన్న చిన్న పక్కకథల కోసం ఆడొచ్చు. ఆరిజిన్స్, హోమ్‌కమింగ్ అన్నీ అయ్యాక చూసుకోవచ్చు. 2023 నాటి అసెన్షన్ ప్రేక్షకుల ఓట్లతో నడిచిన సిరీస్. అందరి ఓట్లతో కథ నడిస్తే కథకు వెన్నెముక మిగలదు. దాన్ని వదిలేయండి.

ఆడేటప్పుడు

తెలుగు సబ్‌టైటిల్స్ ఏ భాగానికీ లేవు. సంభాషణల ఇంగ్లిష్ తేలికే, పజిల్స్ మాత్రం పద్యాల్లా ఉంటాయి. ఒక పద్యం దొరికితే ఫోన్‌లో ఫొటో తీసుకుని నింపాదిగా చదువుకోండి. దారి తప్పితే వెంటనే వాక్‌త్రూ వీడియో పెట్టకుండా మ్యాప్ తెరవండి. రెండో భాగంలో జేమ్స్ తాళం పడిన తలుపుల్ని, మూసుకుపోయిన దారుల్ని మ్యాప్ మీద ఎర్ర గీతలతో తనే గుర్తుపెట్టుకుంటాడు. గీత పడని తలుపు కోసం వెతికితే చాలు. కథను వివరించే వీడియోలు ముగింపుకు ముందు చూడొద్దు. ఈ సిరీస్‌లో సగం ఆనందం తప్పుగా ఊహించడంలోనే ఉంది.

హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. సిరీస్ సంగీతకర్త యమఓక అకిరా సంగీతం ఒక్కటే కాదు, పై అంతస్తులో అడుగుల చప్పుడు, దూరంగా ఇనుము గీరుకున్న శబ్దం కూడా కథలో భాగమే. మొదట్లో బ్రైట్‌నెస్ సరిచేసుకోమంటే చెప్పినట్టే చేయండి. బాగా కనిపించాలని పెంచేస్తే టార్చికి పని ఉండదు, భయానికీ ఉండదు.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. రెండో భాగంలో ఆత్మహత్య, లైంగిక హింస, దీర్ఘరోగం ఉన్నాయి. ఎఫ్‌లో ఇంట్లో జరిగే హింస ఉంది. ఇంట్లో ఈమధ్యే ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు, జబ్బుమనిషికి సేవ చేస్తున్నవాళ్లు రెండో భాగాన్ని కొన్నాళ్లు వాయిదా వేసుకోండి. పిల్లలకు ఇవ్వొద్దు.

రెండో భాగం ముగిశాక ఒక పని చేయండి. న్యూ గేమ్ నొక్కి మొదటి ఐదు నిమిషాలు మళ్లీ చూడండి. రోడ్డు పక్క టాయిలెట్‌లో అద్దం ముందు జేమ్స్ నిలబడి ఉంటాడు, ముఖం మీద చెయ్యి పెట్టుకుంటాడు. బయటికి నడిస్తే అతని కారు, తలుపు వేయకుండా వదిలేసి ఉంటుంది. మొదటిసారి దాన్ని దాటి సరస్సు వైపు వెళ్లిపోయారు. ఈసారి కారు దగ్గర కాసేపు ఆగండి.